కాంటా ప్రోగ్రాములో తప్పు, డీబగ్గరుకు ముఖం

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు కోసం నేను సీ ప్లస్ ప్లస్‌లో రాసిన వేబ్రిడ్జి (లారీలను తూచే కాంటా) ప్రోగ్రాము, వడ్ల లారీలు బారులు తీరే యాసంగి కోతల వేళ, అప్పుడప్పుడు ఖాళీ బండి తూకాన్ని సున్నాగా చూపడం మొదలుపెట్టింది. అది సున్నా అయితే లారీ బరువు కూడా వడ్ల లెక్కలోనే పడుతుంది కనుక, మిల్లు గుమాస్తా ఫోనులో అన్న మాటలను ఇక్కడ రాయలేను.

నా యంత్రంలో లినక్సు, జీసీసీ అనే కంపైలరు ఉన్నాయి. తప్పును వెతకాలంటే డీబగ్గరు, అంటే నడుస్తున్న ప్రోగ్రామును ఆపి లోపల చూపే సాధనం, కావాలి. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన జీడీబీ, ఎల్ఎల్‌వీఎం అనే కంపైలరు ప్రాజెక్టు వారి ఎల్ఎల్‌డీబీ రెండూ ఈ పనికి సరిపోతాయి. మ్యాక్‌లో పనిచేసేవారికి ఎక్స్‌కోడ్‌తో వచ్చే ఎల్ఎల్‌డీబీయే సహజం. నాకు మాత్రం చేయి తిరిగినది జీడీబీ కాబట్టి అక్కడ పెద్దగా ఆలోచించలేదు. ఆలోచన అంతా దానికి ఏ ముఖం, అంటే దాన్ని తెర మీద చూపి నడిపించే ఏ పైతొడుగు, తొడగాలన్న దగ్గరే వచ్చింది.

మొదట డీడీడీ అనే పైతొడుగును తెరిచాను. లింక్డ్ లిస్టును (ఒకదానికొకటి ముడిపడిన డేటా గొలుసును) పెట్టెలుగా, బాణాలుగా గీసి చూపడంలో దాని అందం ఇప్పటికీ తగ్గలేదు, కానీ ఆ పాతకాలపు మోటిఫ్ కిటికీలతో గంటల తరబడి కూర్చోవడం నా కళ్లకు భారమైంది. బ్రౌజరులో నడిచే జీడీబీగుయ్ తేలికగా అనిపించింది. వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటరులో వేరియబుల్స్ చక్కగా కనిపిస్తాయి గాని, జీడీబీకి నేరుగా ఏదైనా చెప్పాలంటే ప్రతిసారీ ముందు '-ఎగ్జెక్' అని చేర్చవలసి రావడం విసుగు పుట్టించింది.

నాకు కావలసింది వేరియబుల్ విలువ చూడడం కాదు, దాన్ని ఎవరు చెరుపుతున్నారో పట్టుకోవడం. అందుకు వాచ్‌పాయింట్, అంటే ఆ చోటి విలువ మారగానే ప్రోగ్రామును ఆపే కాపలా, పెట్టాలి. ఎక్స్86 ప్రాసెసరులో ఇందుకు నాలుగు డీబగ్ రిజిస్టర్లు ఉంటాయి. కాపలా కాయవలసిన చోటు వాటిలో ఇమిడితే ప్రోగ్రాము మామూలు వేగంతోనే నడుస్తుంది, ఇమడకపోతే జీడీబీ ఒక్కొక్క సూచనను నడిపించి చూడడం వల్ల నత్తనడక పడుతుంది, ఆలోగా సీరియల్ పోర్టు నుంచి వచ్చే తూకాలు పోతాయి.

ఇలాంటి ఆజ్ఞలను జీడీబీకి నేరుగా ఇవ్వాలి కనుక, చివరికి జీడీబీలోనే ఉన్న టీయూఐని (టెక్స్ట్ యూజర్ ఇంటర్‌ఫేస్), అంటే కంట్రోల్-ఎక్స్ తర్వాత 'ఎ' నొక్కితే తెరుచుకునే రెండు భాగాల తెరను, ఎంచుకున్నాను. పైన సోర్సు, కింద ఆజ్ఞల వరుస ఉంటాయి. మిల్లులోని కంప్యూటరుకు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో కంప్యూటరును నడిపే పద్ధతి) ద్వారా వెళ్లినా పనిచేస్తుంది. ఖాళీ బండి తూకాన్ని అక్షరాలుగా దాచిన అరే (array, వరుసగా ఉన్న బైట్ల గుంపు) మొదటి బైటుపై వాచ్ పెట్టి, ఆ సాయంత్రం లారీలు వస్తుండగా నల్లగొండలోని ఇంటి నుంచే కనిపెట్టుకుని ఉన్నాను. ఆరో లారీకి ఆగింది. కాంటా తూకాన్ని పంపే ఇండికేటరు నుంచి వచ్చిన వరుసలో సరిగ్గా పదహారు అక్షరాలు ఉన్నాయి, దాన్ని పట్టే నా బఫరూ పదహారు బైట్లే. స్ట్రింగు (అక్షరాల వరుస) ముగిసిందని తెలిపే చివరి సున్నా, పక్కనున్న అరే మొదటి బైటు మీద పడి దాన్ని ఖాళీ చేస్తోంది.

బఫరును ముప్పై రెండుకు పెంచి, స్ట్రింగును కాపీ చేసే ముందు పొడవు చూసే షరతు కూడా చేర్చాను. వీఎస్ కోడ్‌ను రాయడానికి ఉంచుకున్నాను, వేటకు మాత్రం టీయూఐయే.