ఈ యుర్వీజముల్ గంటిరే!

భాగవతం దశమస్కంధంలో గోపికా వస్త్రాపహరణం తెలియనివాళ్లు ఉండరు. ఆ కథ అయిన వెంటనే కొన్ని శ్లోకాలు వస్తాయి. కథ అంటూ పెద్దగా ఏమీ జరగని చోటు కాబట్టి మనం గబగబా దాటేసే శ్లోకాలు అవి. నాకు మాత్రం ఈ మధ్య ఏ వీధిలో నడుస్తున్నా అవే గుర్తొస్తున్నాయి.

ఎండాకాలం. బలరామకృష్ణులు గోపబాలురతో కలిసి ఆవులను తోలుకుంటూ బృందావనం దాటి చాలా దూరం వచ్చేశారు. ఎండ మాడ్చేస్తోంది. దారిలో చెట్లు తమ నీడనే గొడుగుగా వాళ్ల నెత్తిన పట్టాయి. కృష్ణుడు ఆగి స్తోకకృష్ణుణ్ణి, శ్రీదాముణ్ణి, సుబలుణ్ణి, అర్జునుణ్ణి పేరుపేరునా పిలిచి ఆ చెట్లను చూపించాడు.

పశ్యతైతాన్ మహాభాగాన్ పరార్థైకాంతజీవితాన్ |
వాతవర్షాతపహిమాన్ సహంతో వారయంతి నః ||

"ఈ మహాభాగులను చూడండి. ఇతరుల కోసమే బతుకుతున్నారు. గాలినీ వాననూ ఎండనూ మంచునూ తాము ఓర్చుకుంటూ, మన మీద పడకుండా ఆపుతున్నారు" అన్నాడు. పోతనగారు ఈ ఘట్టాన్ని తెలుగు చేస్తూ ఇలా రాశారు:

అపకారంబులు సేయ వెవ్వరికి నేకాంతంబులం దుండు నా
తప శీతానిల వర్ష వారణములై త్వగ్గంధ నిర్యాస భ
స్మ పలాశాగ్ర మరంద మూల కుసుమచ్ఛాయా ఫలశ్రేణిచే
నుపకారంబులు సేయు నర్థులకు నీ యుర్వీజముల్ గంటిరే!

బెరడు, గంధం, జిగురు, బూడిద, ఆకు, చివురు, తేనె, వేరు, పువ్వు, నీడ, పండు. ఒక్క ఊపిరిలో అన్నీ చెప్పేసి, చివర "ఈ చెట్లను చూశారా!" అంటాడు. రోజూ ఆ చెట్ల కిందే తిరిగే పిల్లలను అడుగుతున్నాడు ఆ మాట.

మూలంలో "సహంతో వారయంతి" అన్న రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. ఓర్చుకుంటాయి, ఆపుతాయి. నడినెత్తి ఎండను ఆకు తన మీద తీసుకుంటుంది. వేరు నుంచి పైకి తెచ్చుకున్న నీటిని కంటికి కనపడని రంధ్రాల్లోంచి ఆవిరిగా వదులుతుంది. ఆ ఆవిరితో పాటు వేడీ పోతుంది. ఇరవై ముప్పై అడుగుల ఎత్తుకు నీళ్లు ఎక్కుతున్నా మోటారు చప్పుడు లేదు, కరెంటు బిల్లు లేదు. కింద నిలబడ్డ ఆవుకి, మనిషికి చల్లదనం మాత్రం అందుతుంది.

మన అద్దాల భవనాల పని సరిగ్గా దీనికి తలకిందులు. ముందు గోడంతా అద్దం పెడతారు. వెలుగు లోపలికి వస్తుంది, వేడి అంత తేలిగ్గా బయటికి పోదు. ఎండ కోసం మొహం వాచిపోయే చలిదేశాల్లో ఆ గోడకు అర్థం ఉంది. మే నెలలో హైదరాబాదులో, విజయవాడలో అదే గోడ కట్టి, లోపల కాగిన గాలిని ఏసీలతో తోడి రోడ్డు మీదికి వదులుతున్నాం. లోపలివాళ్లకు చలి, బయట నడిచేవాడికి సెగ. తాను ఓర్చుకోదు, పక్కవాడి మీదికి తోస్తుంది. నాకు ఇది కేవలం ఇంజనీరింగు లోపంగా కనపడదు. కట్టడానికి ఒక స్వభావం ఉంటుంది. ఇది స్వార్థపు స్వభావం.

పూర్వపు ఇళ్లకు ఊరూరికీ వేరే ముఖం ఉండేది. తుపానులొచ్చే కోస్తాలో, గాలి పక్కలనుంచి జారిపోయేలా గుండ్రంగా తాటాకుతో చుట్టిళ్లు కట్టారు. వాన తక్కువ పడే రాయలసీమలో మట్టి మిద్దెలు వేసుకున్నారు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు, నడిమింట్లోకే వానా వెన్నెలా దిగేవి. కడపవాళ్లు కడప బండలు, తాండూరు వైపు తాండూరు బండలు పరుచుకున్నారు. కాలి కింద నేలను బట్టి, నెత్తిన ఆకాశాన్ని బట్టి ఇల్లు లేచేది, చెట్టు లేచినట్టే. కొండమీద గాలికి పెరిగిన వేపా, చెరువు గట్టున పెరిగిన వేపా ఒక్కలా ఉండవు కదా. ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా అదే ఎలివేషను, గోడకు అతికించే అవే ఏసీపీ (అల్యూమినియం) షీట్లు, తూర్పుకైనా పడమరకైనా అదే అద్దం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు దాని గుండ్రని ఆకారాన్ని దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లం. తరవాత దాని చుట్టూ లేచినవాటిలో ఏది ఏదో బోర్డు చదివితే తప్ప తెలియదు.

కృష్ణుడు అంతటితో ఆగలేదు.

అహో ఏషాం వరం జన్మ సర్వప్రాణ్యుపజీవనమ్ |
సుజనస్యేవ యేషాం వై విముఖా యాంతి నార్థినః ||

"ఎంత గొప్ప జన్మ వీటిది! అన్ని ప్రాణులకూ బతుకుతెరువు. మంచివాడి గుమ్మం దగ్గరిలాగే వీటి దగ్గరికి అడగవచ్చినవాడు ఉత్త చేతులతో మళ్లిపోడు."

అన్ని ప్రాణులకూ అన్నది అతిశయోక్తి కాదు. మేడిపండునే తీసుకోండి. పూత పూయకుండానే కాస్తాయని మేడి, మర్రి, రావి లాంటివాటిని పెద్దలు వనస్పతులన్నారు. నిజానికి వాటి పువ్వులు కాయ లోపల ఉంటాయి. ఒక చిన్న కందిరీగ జాతి పురుగు ఆ కాయలోకి దూరి గుడ్లు పెడుతుంది, పుప్పొడిని చేరుస్తుంది. మేడికి దాని పురుగు వేరు, మర్రికి దాని పురుగు వేరు. పొట్ట విప్పితే పురుగులుంటాయని వేమన పద్యంలో మేడిపండును పిరికివాడి బింకానికి పోలికగా తీసుకొచ్చారు. నీతి నీతిగా ఉండనిద్దాం. ఆ పురుగు లేకపోతే మేడికి విత్తనం లేదు, మర్రికి పిల్ల లేదు. పిట్టలకూ కోతులకూ పండు పెట్టకముందే, చీమంత చిన్న ప్రాణికి చెట్టు తన పువ్వుల మధ్య పురిటిల్లు ఇచ్చింది. "ఏకాంతంబులందుండు" అని పోతనగారు అన్నది చదివినప్పుడు నాకు ఈ కాయలోపలి ఏకాంతమే తలపుకొస్తుంది.

ఇక "విముఖా యాంతి నార్థినః" అన్న మాటకు అసలు వెలుగు తరవాతి అధ్యాయంలో దొరుకుతుంది. చెట్ల నీడనే నడిచి అందరూ యమున ఒడ్డుకు చేరారు. ఆవులు నీళ్లు తాగాయి. పిల్లలకు ఆకలేసింది. దగ్గర్లో బ్రాహ్మణులు స్వర్గం కోరి ఆంగిరసమనే సత్రయాగం చేస్తున్నారు. "వెళ్లి మా పేరు చెప్పి అన్నం అడగండి" అని కృష్ణుడు పంపాడు. పిల్లలు వెళ్లి సాష్టాంగపడి అడిగారు. ఆ యాజ్ఞికులు ఔననలేదు, కాదనలేదు. పిల్లలు ఆశ చంపుకుని తిరిగొచ్చారు. అర్థులను మళ్లించని చెట్ల గురించి విన్న పూటే, అర్థులను మళ్లించిన యాగశాల గుమ్మం చూశారు! వ్యాసుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం ఊరికే జరిగిందని నేను అనుకోను.

ఆ గుమ్మం ఇప్పుడు మనది. గేటు దగ్గర వాచ్‌మన్, ఫోనుకు ఓటీపీ, రిజిస్టరులో సంతకం. జాగ్రత్త అవసరమే, కాదనను. కానీ వీధి అరుగు ఉన్న ఇంట్లో, అడగకముందే కూర్చునే చోటుండేది. హరిదాసూ, గంగిరెద్దులవాడూ, ఎండన పడి నడిచొచ్చిన బాటసారీ కాసేపు నడుం వాల్చేవాళ్లు. ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఆ అరుగు కూడా అందరికీ అందలేదు. కులం అడిగి కూర్చోబెట్టిన అరుగులే ఎక్కువ. యాగశాలకూ అరుగుకూ ఉన్న ఆ మచ్చ చెట్టుకు లేదు. అందుకే కృష్ణుడు మంచి ఇంటిని చూపించి "ఇలా ఉండండి" అనలేదు, చెట్టును చూపించాడు.

ఈ రోజు మధ్యాహ్నం ఏ పెద్ద అపార్ట్‌మెంట్ ముందైనా చూడండి. భోజనం పొట్లాలు తెచ్చే కుర్రాళ్లు లోపలికి పిలుపు వచ్చేదాకా ఎక్కడ నిలబడతారు? గోడవారనున్న కానుగ చెట్టు కింద. కోట్ల రూపాయల కట్టడం వాళ్లకు జానెడు నీడ ఇవ్వలేదు. ఎవరూ నీళ్లు పోయని కానుగ ఇస్తోంది.

కట్టడం తప్పని మన శాస్త్రాలు ఎప్పుడూ అనలేదు. కట్టేవాడికి వినయం నేర్పాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో, విగ్రహానికి కలప కావాలంటే అడవికి వెళ్లి ఎలా అడగాలో ఉంది. చెట్టుకు పూజ చేసి, బలి సమర్పించి, "ఇక్కడ నివసించే భూతాలారా, ఇది స్వీకరించి మరోచోట నివాసం ఏర్పరచుకోండి, క్షమించండి, మీకు నమస్కారం" అనాలి. దేవుడి కోసమైనా సరే, అనుమతి అడగకుండా గొడ్డలి ఎత్తకూడదు. హైదరాబాదు దగ్గర చేవెళ్ల రోడ్డులో వందల మర్రిచెట్లను రోడ్డు వెడల్పు కోసం కొట్టేసే మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ క్షమాపణ గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది.

భక్తితో చేసే పనుల్లోనూ ఒకటి మార్చుకోవాలి. గుళ్లలో రావిచెట్టుకు కట్ట కట్టించి మొదలుదాకా సిమెంటు పోసి టైల్స్ అతికిస్తున్నారు. ప్రదక్షిణకు కాళ్లు కాలకూడదనే ఉద్దేశం, మంచిదే. వేరుకు మాత్రం నీళ్లూ గాలీ అందవు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. ఆ మీటరు మనం ఆదేశం లేకుండానే విడవచ్చు. సోమవతీ అమావాస్యకు రావికి పోసే బిందెడు నీళ్లు టైల్స్ మీదనుంచి కాలవలోకి పోతుంటే, ఆ అభిషేకం ఎవరికి చేరినట్టు?

కథ ముగింపు మీకు తెలిసే ఉంటుంది. పిల్లలు ఉత్త చేతులతో వస్తే కృష్ణుడు నవ్వి, ఈసారి యాజ్ఞికుల భార్యలను అడగమన్నాడు. ఆ తల్లులు భర్తలు, అన్నదమ్ములు అడ్డుపడుతున్నా నాలుగు రకాల అన్నమూ పాత్రల్లో పెట్టుకుని పరుగున వచ్చారు. వాళ్లకు కృష్ణుడు కనపడింది యమున ఒడ్డున కొత్త చివుళ్లు తొడిగిన అశోకవనంలో. అన్నం యాగశాలలోంచి చెట్టు కిందికి నడిచొచ్చింది. తరవాత యాజ్ఞికులు తమను తాము తిట్టుకున్నారు. అయినా కంసుడికి భయపడి కృష్ణుణ్ణి చూడ్డానికి కదల్లేదు.

మన అపార్ట్‌మెంట్ సంఘాలకు కంసుడి భయం లేదు. వచ్చే సమావేశంలో ఎవరైనా లేచి, గేటు బయట ఒక సిమెంటు బల్ల, వేసవిలో ఒక చలివేంద్రం, దాని పక్కన రెండు కానుగ మొక్కలు అని అడగండి. తొలకరి పడ్డాక నాటితే బాగా నిలదొక్కుకుంటాయి. కరెంటు తీగల కింద మాత్రం పెట్టొద్దు, నాలుగేళ్లకే కొమ్మలు నరికేస్తారు.