రెండుసార్లు నొక్కాను

ఆస్ట్రియాలో వియన్నా నుంచి లింజ్‌కి రైల్లో గంటంబావు. స్టేషన్ పక్కనే పోస్ట్‌సిటీ. ఒకప్పుడు పార్సిళ్లు వేరుచేసిన పెద్ద తపాలా కేంద్రం. పెట్టెలు జారిపోవడానికి కట్టిన మెలికల జారుడుబల్లలు ఇంకా అలాగే ఉన్నాయి. కళనీ టెక్నాలజీనీ కలిపే ఆర్స్ ఎలక్ట్రానికా ఉత్సవం 1979లో మొదలైంది. నేను వెళ్లిన ఏడు చాలావరకు ఈ భవనంలోనే జరిగింది.

మొదటి రోజంతా తెరలు చూడటంతోనే సరిపోయింది. కళ్లకి డబ్బాలు తగిలించుకుని గాల్లో చేతులాడించే జనం. ఈసారి ఉత్సవమంతా శరీరం గురించే అన్నారు గానీ, నాకు కాళ్లనొప్పులు తప్ప ఇంకే శరీరమూ తగల్లేదు.

రెండో రోజు కింది అంతస్తులో ఒక చిన్న గది. స్టూలు మీద ఒకావిడ, చేతుల్లేని బనీను, మెడ నుంచి మణికట్ల దాకా అంటించిన పట్టీలు, వాటి నుంచి సన్నటి వైర్లు. ఫిజియోథెరపీలో పెట్టే కరెంటు మిషన్ లాంటిదే. ఎదురుగా ఒక ట్యాబ్లెట్, దాని మీద మనిషి బొమ్మ. బొమ్మలో ఎక్కడ నొక్కితే ఆవిడ ఒంట్లో ఆ కండరం బిగుసుకుంటుంది.

తన ఒంటిని ఇలా ఇతరుల చేతికిచ్చే దారి వేసినవాళ్లలో ఆస్ట్రేలియా కళాకారుడు స్టెలార్క్ ఒకడు. 1995లో ఆయన లక్సెంబర్గ్‌లో ఉంటే, పారిస్, హెల్సింకీ, ఆమ్‌స్టర్‌డామ్‌లలో ఉన్నవాళ్లు తెర మీద నొక్కి ఆయన కాళ్లూ చేతులూ కదిలించారు. మరుసటి ఏడు ఆ నొక్కే మనుషుల్నీ తీసేశాడు. నెట్‌లో సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయమే ఆయన ఒంటిని ఆడించింది. 2007లో ఇరాక్‌లో పుట్టిన కళాకారుడు వఫా బిలాల్ షికాగోలో ఒక గదిలో నెల రోజులు ఉన్నాడు. ఎక్కడెక్కడి వాళ్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన మీదికి పెయింట్‌బాల్ తుపాకీ పేల్చారు, 60,000 సార్లకు పైగా. ఇవన్నీ చదివే వెళ్లాను. చదవడం వేరు, వరసలో నిలబడి మన వంతు రావడం వేరు.

కుడి మోచేతి కింద నొక్కాను. ఏమీ కాలేదు. లిఫ్టు బటన్ నొక్కినట్టు మళ్లీ నొక్కాను. అంతలో మొదటిది అందింది, దాని వెనకే రెండోది. మణికట్టు చటుక్కున మడుచుకుంది, విప్పుకునేలోపే మళ్లీ మడుచుకుంది. తర్వాత కూడా చిటికెనవేలు ఒక్కటే వణుకుతూ ఉండిపోయింది. ఆవిడ మాత్రం ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు దాన్నే చూస్తోంది. నా వెనక కుర్రాడు వచ్చి రెండు వేళ్లతో తాళం వేసినట్టు కొట్టాడు. చెయ్యి గంతులేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ మాట దాచడం ఎందుకు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆవిడే కనబడింది, కూర్చుని పట్టీలు ఊడదీసుకుంటూ. ఒక్కో పట్టీ కింద ఎర్రటి మచ్చ, జిగురు. "రెండుసార్లు నొక్కింది నేనే" అన్నాను.

"రోజూ చాలామంది అలాగే నొక్కుతారు. ఆలస్యం మేం కావాలని పెట్టిందే" అంది.

"నొప్పి పుడుతుందా?"

"అంత కాదు. కాకపోతే రాత్రి పడుకున్నాక కూడా చెయ్యి దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది."

మెడ వెనక ఒక పట్టీ మిగిలింది, ఆవిడ చెయ్యి అందడం లేదు. తియ్యమని తల వంచింది. నొప్పి పుడుతుందేమోనని నెమ్మదిగా లాగుతుంటే వెంట్రుకలు అంటుకుని సాగాయి.

"అలా కాదండీ, ఒక్కసారే లాగెయ్యండి."