కుడి పెడల్

ఇంట్లో కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కి రడ్డర్ పెడల్స్ (విమానం ముక్కుని పక్కలకి తిప్పే కాలి పెడల్స్) బిగించిన మొదటి రాత్రి సెస్నా 172 అనే చిన్న విమానాన్ని రన్‌వే మధ్యగీత మీద నిలపలేకపోయాను. థ్రాటిల్, అంటే ఇంజన్ శక్తి పెంచే మీట, పూర్తిగా తోయగానే ముక్కు ఎడమకి లాగేసేది. ప్రొపెల్లర్ గాలి సుడి తిరుగుతూ వెళ్లి తోక మీది నిలువు రెక్కను ఎడమవైపు నుంచి నెడుతుంది. అందుకే కుడి పెడల్ తొక్కాలి.

నా తప్పు మడమల దగ్గర ఉంది. పాదం మొత్తం పెడల్ మీద పెట్టేవాణ్ణి, దాంతో పైభాగంలోని బ్రేకులు పడిపోయేవి. మడమలు నేలకి ఆనించి, వట్టి కాళ్లతో తొక్కాక ఎంత నొక్కాలో పాదాలకే తెలిసింది. చూపు కూడా ముక్కు ముందు కాదు, రన్‌వే చివర ఉండాలి.

మలుపుల్లో ఇప్పుడు టర్న్ కోఆర్డినేటర్ (మలుపు ఎలా ఉందో చూపే మీటర్) లోని నల్ల బంతిని చూస్తున్నాను. అది ఎటు జారితే అటు పెడల్.

నిన్న బేగంపేటలో 8 నాట్ల (గంటకి సుమారు 15 కి.మీ.) పక్కగాలి పెట్టుకుని దిగాను. మధ్యగీత చక్రాల మధ్యే ఉంది. ఎంత సంతోషమో!