కంపెనీ వనభోజనాలకు చంటిపిల్లలతో

కార్తీకమాసం రాగానే మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వనభోజనాల మాట మొదలవుతుంది. ఏ ఆదివారం, ఏ తోట, బస్సులెన్ని, మెనూ ఏమిటి అని. ఈసారి ఒకాయన ఇంకో మాట కలిపారు. "పిల్లలుంటే ఎవరికీ ఎంజాయ్ చేసినట్టుండదు, ఈ ఏడు ఎంప్లాయీస్ వరకే పెట్టుకుందామా?" దాని కింద చాలామందే సరేనన్నారు.

నాకు ఐదేళ్ల అమ్మాయి, రెండేళ్లు నిండబోతున్న అబ్బాయి. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పని. వారానికి ఆరు రోజులు ఆఫీసు. ఉన్న ఒక్క ఆదివారం కూడా పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి పిక్నిక్‌కి రమ్మంటే నేను రాను. మా ల్యాబ్‌లో చిన్నపిల్లలున్న వాళ్లెవరూ రారు. పిల్లల్ని తేవద్దంటే ముందు ఆగిపోయేది తల్లులే. ఈ మాటే గ్రూపులో రాశాను. సాయంత్రం హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేసి, "అయితే మీరే కమిటీలోకి రండి, పిల్లల సంగతంతా మీ చేతిలో పెడతాం" అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

పోయినేడు ఇబ్బంది ఎక్కడొచ్చిందో నాకు బాగా గుర్తుంది. స్పీచ్‌లు, ప్రైజులు అయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర. అప్పుడు గానీ విస్తళ్లు వెయ్యలేదు. చంటిపిల్లాడికి పన్నెండింటికి ఆకలి, ఒంటిగంటకు నిద్ర. ఆ రెండూ తప్పిపోయాక వాడు ఏడవక ఏం చేస్తాడు? పిల్లలు అల్లరి పెట్టారని అందరూ అన్నారు. వాళ్లకు టైముకి అన్నం పెట్టలేదని ఎవరూ అనలేదు.

అందుకే ఈసారి ముందు వంట మేస్త్రితో మాట్లాడాను. పెద్దల భోజనం ఎప్పుడైనా సరే, పన్నెండింటికల్లా పిల్లలకు ముద్దపప్పు, నెయ్యి, పెరుగన్నం సిద్ధంగా ఉండాలన్నాను. పులిహోరలో కొంత భాగాన్ని, పల్లీలు వెయ్యకుండా, విడిగా తీసిపెట్టమన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. నాలుగేళ్ల లోపు పిల్లలు గింజల్ని సరిగా నమల్లేరు, పరిగెడుతూ నవ్వుతూ తింటే పల్లీ గింజ ఊపిరి గొట్టంలోకి పోతుందని చెప్పాను. "మా మనవరాలు కూడా అంతే ఉంటది మేడమ్, నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలే" అన్నారు.

మేం వెళ్లింది హైదరాబాద్ దగ్గర చేవెళ్ల వైపు ఒక మామిడితోటకి. అప్పా జంక్షన్ దాటి ఆ రోడ్డెక్కితే రెండు పక్కలా నిజాం కాలం నాటి మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు వీటిని కొట్టెయ్యొద్దని జనం ఏళ్ల తరబడి పోరాడారు, సంగతి పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. బస్సులో పిల్లలున్న వాళ్లందరినీ ముందు సీట్లలో కూర్చోబెట్టి, ఫోన్లు ఇవ్వొద్దని చెప్పాం. కళ్లు ఫోను మీద నిలిచి ఉంటే, చెవి లోపలి భాగమేమో కదులుతున్నామని చెబుతుంటే, ఆ తేడాకే కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఇది ఎక్కువ. కిటికీలోంచి దూరంగా చూస్తే నయం. మర్రి ఊడలు ఎవరి వైపు ఎక్కువున్నాయో లెక్కపెట్టమని మావారు పందెం పెట్టారు. తోట చేరేదాకా ఒక్క పిల్లకీ వాంతి కాలేదు.

తోటలో ఒక మూల స్విమ్మింగ్ పూల్, ఇంకో మూల బోరు నీళ్లు నింపే సిమెంటు తొట్టి. నా టెన్షనంతా ఆ రెండింటి గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం ఒకటి నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల మరణాలకు ప్రధాన కారణాల్లో నీటమునక ఒకటి. మునిగే పసివాడు సినిమాలో లాగా చేతులూపి అరవడు. నోరు నీళ్లలో ఉంటే అరుపెక్కడిది? చుట్టూ యాభై మంది ఉన్నా, ఎవరో చూస్తున్నారులే అని అందరూ అనుకుంటే ఎవరూ చూడనట్టే. తొట్టి మీద రేకులు కప్పించి బరువులు పెట్టించాం. పూల్ దగ్గర అరగంటకొకరు కాపలా. కాపలా ఉన్నవాళ్ల తల మీద ఎర్ర టోపీ, జేబులో ఫోన్ ఉండకూడదు, ఇంకొకరి తల మీద ఆ టోపీ పెట్టాకే కదలాలి. ముందు నాన్నల పేర్లే రాయించాను. అమ్మలు ఎలాగూ తినిపించడంలో, బట్టలు మార్చడంలో మునిగి ఉంటారు. మా ప్రొడక్షన్ హెడ్ సార్‌కి చిన్నపిల్లలు లేరు, అయినా అడిగి మరీ పేరు రాయించుకున్నారు. ఆ అరగంటా గట్టు మీద కూర్చుని నీళ్ల మీంచి కళ్లు తిప్పలేదు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంకో మంచి పని, ఆఫీసులో మేం పనిలో ఉన్నంతసేపూ పిల్లల్ని చూసుకునే మా క్రెష్ ఆయమ్మను కూడా పిలిపించడం. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని పెట్టారు. మా పిల్లలిద్దరూ అలా ఆయమ్మ చేతిలో పెరిగినవాళ్లే. ఆవిడకు ఆ రోజు జీతం ఇప్పించాను, పనికి పిలిచి పిక్నిక్ అనకూడదు కదా. మనవడితో వచ్చింది. ఎవరూ చెప్పకుండానే సంచిలోంచి రెండు పాత నూలు చీరలు తీసి, వంగి ఉన్న మామిడికొమ్మను పట్టుకుని తన బరువంతా వేసి లాగి చూసి, చీర రెండు కొసలూ కలిపి ముడివేసి ఉయ్యాల కట్టింది. అడుగున మడత సర్ది, లోపల చెయ్యి పెట్టి గట్టిగా నొక్కి చూసింది. "ఇటియ్యమ్మా, బిడ్డకు నిద్రొస్తున్నది" అని మావాణ్ణి తీసుకుంది. డీజే బాక్సుల్ని ముందే తోట అవతలి చివర పెట్టించాం కాబట్టి ఆ చెట్టు దగ్గరకి పాటలు సన్నగా వినబడుతున్నాయి. వాడు గంటన్నర నిద్రపోయాడు. నేను చాలా కాలం తర్వాత మ్యూజికల్ చైర్స్ ఆడాను.

ఉసిరిచెట్టు కింద దీపాలు పెట్టాక మా అమ్మాయి రాలిన కాయ ఒకటి కొరికి మొహం ముడుచుకుంది. మా ల్యాబ్ ఇన్‌ఛార్జ్ సార్ గ్లాసుడు నీళ్లిచ్చి తాగమన్నారు. తాగి, "అమ్మా, నీళ్లలో చక్కెర వేశారు!" అని గంతులేసింది. మళ్లీ కొరకడం, మళ్లీ తాగడం. ఇంట్లో ఫోన్ మోగినప్పుడల్లా "మళ్లీ సారేనా?" అని అలిగే పిల్ల, ఆ సార్ చెయ్యి పట్టుకుని తోటంతా తిరిగింది. నేను రోజూ ఎవరి మధ్య ఉంటానో దానికి తెలియడం నాకు చాలా ముఖ్యం. పిల్లల్ని తీసుకెళ్లాలని అంత పట్టుబట్టింది ఇందుకు కూడా.

కుదరనిది తిరుగు ప్రయాణం. తంబోలా ఫుల్ హౌస్ అయ్యేదాకా బస్సులు కదల్లేదు, అప్పటికి చీకటి పడింది, పిల్లలు అలసిపోయి బస్సంతా ఏడుపులు. వచ్చే కార్తీకానికి నాలుగింటికి బయల్దేరే బస్సు ఒకటి విడిగా కావాలని ఇప్పుడే కమిటీకి మెయిల్ పెట్టాను. ఎక్కుతామన్న వాళ్ల పేర్లు కూడా రాశాను. అందులో పిల్లలున్న వాళ్లే కాదు, పొద్దున్నే ఆరింటి షిఫ్టుకి రావాల్సిన వాళ్లు కూడా ఉన్నారు.