పదాల చిట్టా, అయిదో వారం: మళ్లీ అక్కడే దిగబడింది

తొమ్మిదిసార్లు మొదలుపెట్టిన కథ తొమ్మిదిసార్లూ ఒకే వాక్యం దగ్గర ఆగింది. పదోసారి కదిలింది. ఈ వారం సంగతంతా ఇదే. ఉత్సాహం చల్లారేలోపు రాసేస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవారికి రెండు ముక్కల్లో చెబుతాను. ఆరేళ్లపాటు ఒక్క కథా రాయలేదు. పగలంతా రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను కాబట్టి చిట్టా రాసే అలవాటు చేతికి ఉంది. అదే పద్ధతిలో పదాలకూ ఒక చిట్టా పెట్టాను. రాసినవి జమ, కొట్టేసినవి ఖర్చు, మిగిలినవి నిల్వ. ముప్పై అయిదు రోజుల్లో ముప్పై ఒక్క రోజులు కూర్చున్నాను. నాగావళి పాత వంతెన మీద చెప్పులు కుట్టే ఆయన గురించి ఒక చిన్న ముక్క పూర్తయింది, ఆరు వందల పదాలు. బాగానే వచ్చింది.

ఇక దిగబడినదాని సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మీద పడింది. ఒక్క పూటలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కథ ఆ తరువాతి వారంలో జరుగుతుంది. ఒక ముసలమ్మ, ఆమె తోట, నష్టం లెక్క రాసుకోవడానికి వచ్చిన ఒకాయన. ఆయన గట్టు మీద నిలబడి అడుగుతాడు: “ఎన్ని చెట్లు పడ్డాయమ్మా?”

అంతే. అక్కడ కలం ఆగిపోతుంది.

ఆగిన చోట్లన్నీ చిట్టాలో ఉన్నాయి: 412, 388, 430, 407, 395, 441, 420, 402, 365 పదాలు. సగటు 407. ప్రతిసారీ మొదటి నుంచీ వేరే వాక్యాలతో రాసినా బండి అదే గుంతలో దిగబడుతోంది. మిల్లులో జమాఖర్చులు కలవకపోతే మేము ముందు తేడాను తొమ్మిదితో భాగించి చూస్తాం. శేషం లేకుండా పోతే ఎక్కడో 54ను 45గా వేశామని అనుమానించి వెతుకుతాం. కథకు అలాంటి కిటుకు ఏదీ లేదు. అందుకని అనుమానాలను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ వచ్చాను.

మొదటి అనుమానం వేళ మీద. తెల్లవారుజామున 4:50కి లేచి రాసిన ఆరు ప్రయత్నాల సగటు 403. రాత్రి భోజనమయ్యాక రాసిన మూడింటి సగటు 414. పదకొండు పదాల తేడాకు అలారాన్ని నిందించి లాభం లేదు. పైగా రాత్రి దోమలు.

రెండోది కలం. నా దగ్గర రాజమండ్రి రత్నం పెన్ను ఒకటి ఉంది. చేతిలో దాని బరువు ఎంత బాగుంటుందో చెప్పలేను. చిక్కల్లా ఏమిటంటే, దానితో రాస్తే ప్రతి వాక్యం మనవలు చదువుతారన్నంత గంభీరంగా వస్తుంది. దాన్ని పక్కన పెట్టి ఏడోసారి నటరాజ్ పెన్సిలు తీసుకున్నాను. చిత్తుప్రతికి పెన్సిలును మించినది లేదని ఇప్పటికీ అంటాను. చెరపవచ్చన్న ధైర్యం ఉంటుంది, నిజానికి ఒక్కసారీ చెరపం. అయినా 420 దగ్గర ఆగింది.

ఎనిమిదోసారి కంప్యూటర్. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే పద్ధతి నాకు పడదు. మాట తట్టేలోపే దాని స్పెల్లింగు అడ్డు వస్తుంది. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది కానీ ఆ శ్రమకు తగ్గ ఫలం ఉంది. అయినా కథ 402 దగ్గర ఆగింది. తొమ్మిదోసారి ఫోనుకు నోటితో చెప్పి రాయించాను. నేను “జీడిపిక్కలు” అంటే అది “జీడి పెక్కులు” అని రాసింది. దాన్ని దిద్దుకుంటూ కూర్చోవడంతో 365 దగ్గరే నీరసం వచ్చింది. ఆ దారి ఇక తొక్కను.

మూడో అనుమానం కొంచెం సిగ్గుపడాల్సినది. మా ఊరు శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది కదా. ఆదివారాలు అక్కడికి వెళ్లి పాత పత్రికలు తిరగేస్తుంటాను. అన్ని వేల కథల మధ్య కూర్చుని వస్తే, ఇంటికొచ్చాక నా వాక్యం నాకే వెలవెలబోతుంది. మాస్టారు స్వయంగా రాసినవి తక్కువే కదా అని ధైర్యం చెప్పుకుంటాను. ఆ తక్కువ ఎలాంటి తక్కువో గుర్తొచ్చి మళ్లీ భయపడతాను. మూడు ఆదివారాలు వెళ్లడం మానేశాను. తేడా లేదు, ఆ మూడు వారాల్లోనూ కథ అక్కడే ఆగింది. ఊరికే మానుకున్నాను.

మిగిలింది కథే. ఆ ప్రశ్నకు ముసలమ్మ చేత నేను ఏమేమి చెప్పించానో వరసగా చదువుకున్నాను. నాలుగుసార్లు ఏడిపించాను, అన్నీ సినిమా ఏడుపులే. మూడుసార్లు “నలభై రెండు” అనిపించాను. జవాబు వచ్చేసింది, ఆయన రాసుకున్నాడు, ఇక ఆయనకు అక్కడ పనేముంది? రెండుసార్లు ఆమె మాట్లాడకుండా దూరంగా చూసింది. రాయడం చేతకానప్పుడు పాత్రలను దూరంగా చూడమనడం నాకు పాత అలవాటు. చూడటం అయ్యాక రాయాల్సిన వాక్యం నా దగ్గర ఎప్పుడూ ఉండదు.

మంగళవారం వేరే పని మీద కవిటి దగ్గర ఉన్న మా పిన్నికి ఫోను చేశాను. మా ఇంట్లో శుభకార్యానికి కొబ్బరికాయలు కావాలి. ధర మాట్లాడుకున్నాక, “పిన్నీ, తుపాను తరువాత మీరు చెట్లు ఎలా లెక్కపెట్టారు?” అని అడిగాను.

“ఏ లెక్క నాయనా? పడ్డవా, పోయినవా?”

రెండింటికీ తేడా ఏమిటన్నాను. పిన్ని కాస్త విసుక్కుంది. పడ్డ చెట్టు పడ్డట్టు కనబడుతుంది. మొవ్వు, అంటే తలలోని లేత చిగురు, విరిగిన చెట్టు మాత్రం నిలబడే ఉంటుంది. కొబ్బరికి మొవ్వు ఒక్కటే, అది పోయిందంటే పక్క నుంచి కొత్త చిగురు రాదు. నిలబడి ఉన్నా అది పోయినట్టే. వాళ్ల తోటలో అలాంటివి పదకొండు ఉన్నాయట. పైగా పక్క తోటలోవి గట్టు దాటి వీళ్ల తోటలో పడ్డాయి, వీళ్లవి అవతల పడ్డాయి, మట్టలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయాయి. మానును చూసి లెక్కపెడితే తగాదా తేలదు. అందుకని పిన్ని సున్నం డబ్బా, కొబ్బరి పీచు కుంచె పట్టుకుని మొదళ్లకు గుర్తులు పెట్టుకుంటూ వెళ్లింది. పడ్డదానికి ఒక గీత, మొవ్వు పోయినదానికి రెండు గీతలు.

ఫోను పెట్టేసి మిల్లులో కూర్చున్నచోటే ఒక బిల్లు వెనక రాసుకున్నాను: చేతికి పని లేదు. నా తొమ్మిది ప్రయత్నాల్లోనూ ముసలమ్మ ఉత్త చేతులతో నిలబడి ఉంది. నోటితో జవాబు చెప్పడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేదు. ఇంకో తప్పు కూడా కనబడింది. ప్రశ్నకు జవాబు ఒక అంకె అని నేను అనుకున్నాను. ఆమె ప్రశ్ననే ఒప్పుకోదు. “పడ్డవి నలభై రెండు, పోయినవి యాభై మూడు” అంటుంది. ఆయన కాగితంలో పోయినవాటికి గడి లేదు. నిలబడ్డ చెట్టును ఎలా రాసుకోవాలని ఆయన, దాని తల చూడమని ఆమె. ఇద్దరూ మెడలు ఎత్తి పైకి చూస్తుంటారు. ఆమె చేతి మీద సున్నం ఎండి పగుళ్లు పట్టి ఉంటుంది.

పదో ప్రయత్నం 612 పదాలు, పదకొండోది 934. రెండూ తెల్లవారుజామునే, పెన్సిలుతోనే. పదకొండోసారి పాలవాడు వచ్చి గేటు కొట్టినా వినలేదని మా ఆవిడ సాయంత్రం దాకా సాధించింది.

ఇప్పుడు 934 దగ్గర కొత్త చిక్కు. ఆయన ఏం చేస్తాడు? రాసుకుంటే ఆయన మంచివాడై కథ తేలిపోతుంది, రాసుకోకపోతే చెడ్డవాడై ఇంకా తేలిపోతుంది. మూడు రకాలుగా రాసి మూడూ ఖర్చులో వేశాను, మొత్తం 280 పదాలు. ఆయన చేతికి కూడా ఏదో పని ఇవ్వాలని అనిపిస్తోంది. ఆ కుంచె ఆయన పట్టుకుంటే? ఏమో, అది మరీ తీపిగా ఉంటుందేమో. ఈ వారం దాని జోలికి పోను.

ఆదివారం ఇచ్ఛాపురం బస్సెక్కి పిన్ని వాళ్ల ఊరు వెళ్తున్నాను. కొబ్బరికాయలు తేవాలన్నది సాకు. చూడాల్సినవి రాసిపెట్టుకున్నాను: మొవ్వు పోయిన చెట్టు ఎన్నాళ్లకు కూలుతుంది, మొదలు చుట్టుకొలత ఎన్ని జానలు, ఒక డబ్బా సున్నం ఎన్ని చెట్లకు వస్తుంది. తుపాను తరువాతి ఏడాది వేసిన మొక్కలు ఇప్పటికి గెల వేసి ఉండాలి, దేశవాళీ కొబ్బరికి ఆరేడేళ్లు పడుతుంది కదా. అవి కథలోకి రావు, ఊరికే చూడాలని ఉంది.

లాంగ్ బుక్కులో ఇక ముప్పై ఎనిమిది పేజీలే మిగిలాయి. తరువాతిది గీతలు లేనిది కొందామనుకుంటున్నాను. గీతల పుస్తకం తెరిస్తే చేయి దానంతట అదే కుడి పక్కన అంకెల కోసం ఒక నిలువు గీత కొడుతోంది.