జిమ్మీ కోసం జేన్ వేసిన అడుగులు

1974లో అమెరికా సీబీఎస్ టీవీలో వచ్చిన 'ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ మిస్ జేన్ పిట్‌మన్' అనే సినిమా నిన్న రాత్రి చూశాను, నిద్ర పట్టలేదు. బానిసగా పుట్టి 110 ఏళ్లు బతికిన లూసియానా నల్లజాతి ముసలమ్మ జేన్ కథ. ఆమె చెబుతుంటే తెల్ల విలేకరి వింటుంటాడు. నన్ను పట్టేసింది మాత్రం జిమ్మీ. జేన్ కళ్లముందు పెరిగిన పిల్లాడు, పెద్దయ్యాక పౌరహక్కుల ఉద్యమంలోకి వెళ్తే చంపేస్తారు. ఆ తర్వాత ఆమె కర్ర ఊతంతో ఒక్కో అడుగూ వేసుకుంటూ కోర్టు ముందున్న, తెల్లవాళ్లకు మాత్రమే అని రాసిపెట్టిన కుళాయి దగ్గరికెళ్లి వంగి నీళ్లు తాగుతుంది, పోలీసులు అలా చూస్తూ నిలబడిపోతారు. జేన్‌గా నటించిన సిసిలీ టైసన్‌కి అప్పటికి యాభై కూడా నిండలేదంటే నమ్మలేం! టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకి ఆ బోర్డు కొత్తేమీ కాదు, అందుకే ఇంకా మండింది. దొరికితే ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు కలిసి చూడండి.