చిల్లర వడ్డీకి నోటీసు

సేవింగ్స్ ఖాతా వడ్డీ లెక్క కలవలేదని పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చింది. తేడా చూస్తే చిల్లర డబ్బులే. అయినా టెన్షన్ టెన్షనే, రాత్రి కూర్చుని పాస్‌బుక్‌లో ఒక్కో ఎంట్రీ వేలు పెట్టి చూసుకున్నాను.

మనల్ని పట్టుకోవడం తేలికే మరి. జీతంలో పన్ను ముందే కోసేస్తారు, వడ్డీ వివరాలు బ్యాంకే పంపేస్తుంది, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. పెద్దవాళ్ల సొమ్ము అలా దొరకదు. ముందు ఒక షెల్ కంపెనీ (కాగితాల మీద తప్ప వ్యాపారం లేని కంపెనీ), దాని వెనక ట్రస్టు, ఆ వెనక ఇంకో దేశం. 2016లో పనామా పేపర్స్ పేరుతో ఇలాంటి విదేశీ కంపెనీల గుట్టు చెప్పే కోటీ 15 లక్షల పత్రాలు బయటికొచ్చాయి కదా, అవి కూడా అధికారులు తవ్వి తీసినవి కావు, లీకైనవి! ఒకవేళ వాళ్లకి నోటీసు వెళ్లినా లాయర్లు ఏళ్ల తరబడి లాగుతారు.

నేను మాత్రం ఎందుకొచ్చిన గొడవలే అని గడువుకి ముందే కట్టేశా.